మందుపాతరలు తీసిన మనవాళ్ళు: చరిత్రలో ఒక ఖాళీ

రెండేళ్ళ క్రితం మా హైస్కూలు పిల్లల్ని విశాఖపట్నం తీసుకువెళ్ళాను. బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో, రెండో ప్రపంచయుద్ధంలో జపాను విమానాలు వేసిన బాంబు ఒకటి ఉంది. పిల్లలందరూ దాని చుట్టూ మూగారు. బరువెంత, ఏ విమానం వేసింది, ఎంతమంది పోయారు అన్న ప్రశ్నలు వచ్చాయి. నాకు తెలిసినంతలో చెప్పాను. వెనక నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మాత్రం, "మేష్టారూ, ఇది పేలలేదు కదండీ. మరి దీన్ని ముట్టుకుని తీసిందెవరండీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎమ్మే తెలుగు చదివినవాణ్ణి, ఇరవై యేళ్ళుగా సాహిత్య విమర్శ రాస్తున్నవాణ్ణి. బొబ్బిలి కోటలో ఎవరు ఎవర్ని పొడిచారో చెప్పగలను. పద్మనాభ యుద్ధంలో విజయరామ గజపతి కూలింది 1794 జూలై 10న అని తేదీతో సహా చెప్పగలను. కాని పేలని బాంబు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి ఎవరన్నది నా చదువులో ఎక్కడా లేదు. ఆ పిల్ల ప్రశ్న పట్టుకుని రెండేళ్ళు తిరిగాను. తిరిగిన మేరకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. మనం మందుపాతర అంటున్నాం. మందు అంటే తుపాకిమందు. పాతర అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. కరువు నాటికి నాలుగు గింజలు మిగలాలని రైతు తవ్వుకున్న గొయ్యి పేరే, నడిచేవాడి కాలు తెగిపోవాలని తవ్విన గొయ్యికి వచ్చి చేరింది. ఇంగ్లీషు మాట కథ మరోలా ఉంది. మైన్ అంటే గని, సొరంగం. కోటగోడ కిందికి సొరంగం తవ్వి, చివర మందు దట్టించి, గోడను లేపేసే యుద్ధతంత్రం నుంచి ఆ మాట వచ్చింది. గోడ దాకా వంకర టింకరగా కందకం తవ్వుకుంటూ పోయేది సాపరు, గోడ కింద సొరంగం తవ్వేది మైనరు. అంచేత ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఈ దళాలకు సాపర్స్ అండ్ మైనర్స్ అని పేరు. మా గరివిడి, చీపురుపల్లి వైపు ఇవాళ్టికీ మైన్ అంటే మాంగనీసు గొయ్యే. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో ఇక్కడ మాంగనీసు తవ్వకం మొదలయింది. ఆ రాయి సముద్రం దాటి పరదేశాల ఉక్కు కొలుముల్లో పడింది. మన కూలి తవ్విన రాయి ఫిరంగుల్లోకి ఎంత పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. అది వేరే వ్యాసం.

చెప్పదలచుకున్నది ఏమంటే, మైను మొదటినుంచీ తవ్వేవాడి పని. కత్తి దూసేవాడి పని కాదు. మన వీరగాథలు కత్తి దూసేవాణ్ణే పట్టించుకున్నాయి. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను బద్దలు కొట్టినప్పుడు, ఆ ఫిరంగులకు దారి చదును చేసిన కూలీలు ఏ వూరి వాళ్ళని బొబ్బిలి కథ పాడేవాళ్ళు అడగలేదు, వినేవాళ్ళూ అడగలేదు.

ఇప్పుడు 1780 సంవత్సరానికి రండి. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరాలీ సైన్యం కంపెనీ దళాన్ని ఊచకోత కోసింది. మద్రాసు వణికిపోయింది. ఆ నెల 30న సెంటు జార్జి కోటలో రెండు కంపెనీల పయినీర్లను సమకూర్చారు. రోడ్లు వెయ్యడం, కందకాలు తవ్వడం, వాగులు దాటించడం వాళ్ళ పని. తర్వాతి కాలంలో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనిపించుకున్న దళానికి అదే పుట్టుక. సరిగ్గా మూడు రోజుల తర్వాత, అక్టోబరు 3న, మన విశాఖపట్నంలో ఇంకొకటి జరిగింది. ఉత్తర సర్కారుల సిపాయిల్ని హైదరాలీ మీద యుద్ధానికి ఓడ ఎక్కమన్నారు. వాళ్ళు ఎక్కమన్నారు. తెల్ల అధికారుల మీద తుపాకులు తిప్పారు. 1857కి 77 సంవత్సరాల ముందు మాట ఇది. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి రెండు వాక్యాలు దొరికితే ఎక్కువ.

ఈ రెండూ ఒకే వారంలో జరగడం యాదృచ్ఛికమే. కాని ఆ తర్వాత వంద సంవత్సరాల కథంతా ఆ వారంలోనే ఉందనిపిస్తుంది నాకు. తుపాకి పట్టిన తెలుగు సిపాయి మీద ఇంగ్లీషువాడికి నమ్మకం క్రమంగా పోయింది. ఒకప్పుడు బెంగాలులో సిపాయి అన్నమాటకు బదులుగా తెలింగా అనేవారు. క్లైవు వెంట మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు అంతమంది ఉండేవారన్నమాట. పందొమ్మిదో శతాబ్దం చివరికి వీరజాతుల సిద్ధాంతం వచ్చింది. దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని రాబర్ట్స్ వంటి సేనానులు తీర్మానించారు. పటాలాల్లో తెలుగువాళ్ళను బాగా తగ్గించారు. విజయనగరంలో కంటోన్మెంటు పేరు మిగిలింది గాని, పటాలాలు మిగల్లేదు. పార పట్టిన సాపరు మాత్రం మిగిలాడు. అతన్ని వదులుకుంటే రోడ్డు పడదు, వంతెన లేవదు. ధవళేశ్వరం ఆనకట్ట పనిలో సాపర్లు ఉన్నారు. బెంగుళూరుకు తరలక ముందు కొంతకాలం వాళ్ళ కేంద్రమే ధవళేశ్వరం. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు, క్రైస్తవులు, ముసల్మానులు, ఊరి బయట పేటల్లోంచి వచ్చినవాళ్ళు అందరూ ఒకే కంపెనీలో ఉండేవారు. వీరజాతి కాదని తోసేసిన మనుషుల చేతనే అన్నిటికన్న ప్రమాదకరమైన పని చేయించుకున్నారు. ఈ వైరుధ్యం గురించి సామ్రాజ్యవాద చరిత్రకారులు మాట్లాడరు. మనమూ మాట్లాడలేదు.

ఇక్కడ మా ఊరి పట్టాళం తాత గురించి చెప్పాలి.

చీపురుపల్లికి దగ్గర్లోని మా ఊళ్ళో, పేటలో ఉండేవాడాయన. రెండో యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి, లిబియా, ఈజిప్టు, ఇటలీ చూసి వచ్చాడు. నాకు పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. పింఛను కాగితాలు వచ్చినప్పుడు చదివించుకోడానికి మా నాన్న దగ్గరికి వచ్చేవాడు. మా ఇంట్లో ఆయన గ్లాసు వేరుగా, చూరులో ఉండేది. ఇటలీలో తెల్లవాళ్ళ పక్కన కూర్చుని తిన్న మనిషి, మా వీధి అరుగు కింద నిలబడి ఆ గ్లాసు తనే కడుక్కుని చూరులో పెట్టి వెళ్ళేవాడు. ఈ మాట రాయకుండా తక్కిన కథ చెప్పడం నాకు చేతకాదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పేట నుంచి తన చెక్క భూమికి పోయే గట్టు దారికి రెండు పక్కలా రాళ్ళు పాతి, వాటికి సున్నం వేసేవాడు. పిల్లలం నవ్వుకునేవాళ్ళం. నేను ఒకసారి అడిగాను. "సూడ్రా గుంటడా, బూమిని తొక్కీ ముందు సదవాల. సదివిన కాడికి తెల్ల గురుతెట్టాల. ఎనకొచ్చీవోడికి నువ్వు సదివింది తెలవాల గదేటి" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. బాంబును తీసిందెవరని ఆ పిల్ల అడిగినప్పుడు జ్ఞాపకం వచ్చింది.

ఆయన చెప్పిన చదువు ఎలాంటిదో వివరించాలి. యుద్ధంలో ఒక సైన్యం వెనక్కి పోతూ దారి పొడుగునా మందుపాతరలు పాతిపెడుతుంది. ఎల్ అలమీన్ దగ్గర జర్మన్లు, ఇటాలియన్లు పాతినవి లక్షల్లో ఉన్నాయి. ట్యాంకు బరువుకు మాత్రమే పేలేవి కొన్ని. మనిషి అడుగుకు పేలేవి కొన్ని. జర్మన్ల ఎస్ మైన్ అనే రకం మరీ దుర్మార్గమైనది. మూడు ముళ్ళలాంటి కొసలు మట్టి మీదికి గడ్డిపోచల్లా కనబడతాయి. తొక్కితే, నాలుగైదు సెకన్ల తర్వాత డబ్బా నడుమెత్తుకు ఎగిరి, గాలిలో పేలి, మూడు వందలకు పైగా ఉక్కు గుళ్ళు చుట్టూ చిమ్ముతుంది. ఒక్కణ్ణి చంపడానికి చేసింది కాదది. పక్కనున్న వాళ్ళందరికోసం చేసింది.

వీటిని కనిపెట్టడానికి మొదట ఉన్న సాధనం బాయినెట్టు. బోర్లా పడుకుని, బాయినెట్టును నిటారుగా కాక ఏటవాలుగా నేలలోకి మెల్లగా దింపుతారు. నిటారుగా గుచ్చితే మైను తలమీద తగులుతుంది. ఏటవాలుగా పోతే పక్క గోడకు తగిలి ఆగుతుంది. అంగుళం అంగుళం జరుగుతూ అలా గుచ్చుకుంటూ పోవాలి. తర్వాత డిటెక్టరు వచ్చింది. బ్రిటన్‌లో తలదాచుకున్న కొసాట్స్కీ అనే పోలిష్ అధికారి దాన్ని తయారుచేశాడు. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ దగ్గర అది వందల సంఖ్యలో పనిచేసింది. పొడుగాటి కర్ర చివర పళ్ళెం, చెవులకు గొట్టాలు. లోహం ఉంటే చెవిలో కూత మారుతుంది. జర్మన్లు ఊరుకున్నారా? చెక్కపెట్టెలో మందు పెట్టి పాతడం మొదలెట్టారు. డిటెక్టరుకు చెక్క వినబడదు. సాపరు మళ్ళీ బాయినెట్టు పట్టుకుని బోర్లా పడుకున్నాడు.

దారి తెరిచే పద్ధతి ఇది. ముందు డిటెక్టరు పట్టిన మనిషి. వెనక తెల్ల టేపు పరిచే మనిషి. ఆ వెనక దొరికిన మైను చుట్టూ చేత్తో మట్టి తీసి, దాని కింద ఇంకొకటి కట్టి ఉందేమో వేళ్ళతో తడిమి చూసే మనిషి. టేపు లోపల ఉన్నది చదివిన నేల. టేపు బయట ఉన్నది చదవని నేల. ట్యాంకులు, లారీలు, అంబులెన్సులు అన్నీ ఆ రెండు తెల్ల గీతల మధ్యే పోవాలి. పని అయ్యాక అధికారి కాగితం మీద రాస్తాడు: ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, ఏ రకం ఎన్ని దొరికాయి, ఏ గుర్తు నుంచి ఎన్ని గజాలు. వేసేవాడికీ ఇదే నియమం. వేసిన ప్రతి మైన్‌ఫీల్డుకూ ఒక పటం ఉండాలి. ఒక చెట్టు, ఒక మైలురాయి, ఒక బావి, ఏదో కదలని గుర్తు నుంచి కొలతలు ఉండాలి. రేపు తనే వచ్చి తీసుకోవాలి గనక. నా దృష్టిలో ఈ పనికి ప్రాణం డిటెక్టరు కాదు, ఈ కాగితం. అది ఉంటే మందుపాతర ఒక సమస్య. లేకపోతే అది శాపం.

ఇటలీలో మిన్యానో దగ్గర 1944 ఫిబ్రవరి 24న జరిగిన సంగతి సాపర్లందరికీ తెలుసు. మద్రాస్ సాపర్స్ 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీకి చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యం, చెంగల్పట్టు జిల్లా తమిళుడు, చిన్న జట్టుతో మైన్లు వెతికిస్తున్నాడు. ముందు డిటెక్టరు మనిషి, వెనక తెల్ల టేపు పరుస్తూ ఆయన. ముందున్నవాడి కాలు మైను మీద పడింది. పేలడానికి నాలుగు సెకన్లు ఉందని ఆయనకు తెలుసు. తెలిసే దాని మీద బోర్లా పడ్డాడు. తక్కినవాళ్ళు బతికారు. ఆ సంవత్సరం జూన్ 30న ఆయనకు జార్జి క్రాసు ప్రకటించారు. విక్టోరియా క్రాసు శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు చేసిన సాహసానికట. జార్జి క్రాసు శత్రువు ఎదురుగా లేనప్పటి సాహసానికట. ఎదురుగా లేడు, నిజమే. కాళ్ళ కింద ఉన్నాడు.

విక్టోరియా క్రాసు వచ్చిన సాపరు కూడా ఉన్నాడు. బొంబాయి సాపర్ల లెఫ్టినెంటు ప్రేమీంద్ర సింగ్ భగత్. 1941 ఫిబ్రవరి మొదట్లో అబిసీనియా సరిహద్దున, నాలుగు రోజుల్లో 55 మైళ్ళ పొడుగునా 15 మైన్‌ఫీల్డులను దగ్గరుండి తీయించాడు. ఆయన ఎక్కిన బండి రెండుసార్లు మైను మీద పేలిపోయింది. ఆయన సాహసంలో నాకు సందేహం లేదు. కాని ఆ ప్రశంసాపత్రంలో ఒక మాట నన్ను పట్టుకుంది. బండి పేలిన రెండుసార్లూ ఇతరులు గాయపడ్డారు, చనిపోయారు అన్న అర్థం వచ్చే ముక్క ఒకటి ఉంది. ఆ ఇతరులు ఎవరు? పత్రానికి వాళ్ళతో పని లేదు. సాహిత్య విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పేది, వాక్యంలో పేరు లేని కర్తను వెతకండి అని. చరిత్ర చదివేటప్పుడు కూడా అదే పని చెయ్యాలి.

మరి మన సాహిత్యం ఏం చేసింది? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటికి యుద్ధం నడుస్తోంది. మన కవులు స్టాలిన్‌గ్రాడ్‌ను గానం చేశారు. ఎర్రసేనకు జేజేలు పలికారు. అందులో తప్పేమీ లేదు, అది ఆనాటి చారిత్రక కర్తవ్యం. జపాను బాంబులు 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద పడ్డాయి. జనం మూటా ముల్లే కట్టుకుని మా ఊళ్ళ వైపు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. యుద్ధకాలపు కరువు, నల్లబజారు, బట్టల కటకట మన కథల్లోకి వచ్చాయి. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటలీ మట్టిలో బాయినెట్టు గుచ్చుతున్న తెలుగు సాపరు మీద కథ గాని, కవిత గాని నా చదువు మేరకు నాకు కనపడలేదు. కథానిలయంలో పాత పత్రికలు తిరగేశాను. పట్టాళంలో చేరినవాడు వస్తాడు. డబ్బు పంపుతాడు, తిరిగొచ్చి మీసం మెలేస్తాడు, లేదా తిరిగిరాడు. అక్కడ ఏం పని చేశాడన్నది రాదు.

కారణం ఊహించడం కష్టం కాదు. సామ్రాజ్యవాదుల జీతం తిన్నవాడు మన కథానాయకుడు ఎలా అవుతాడని మొహమాటపడ్డాం. వర్గదృష్టి ఉన్నవాళ్ళమే. ఆకలికి వెళ్ళి చేరిన పేటవాడి వర్గం ఏమిటో మాత్రం చూడలేదు. గని కార్మికుడి ఊపిరితిత్తుల మీద కథ రాయగలిగిన మనం, అదే మైను అనే పేరుగల మరో పనిలో చేతులు పోగొట్టుకున్న కార్మికుణ్ణి కార్మికుడిగా గుర్తించలేదు.

ఒక మిత్రుడు ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి అడ్డు చెప్పాడు. "తీసేవాడే కదా వేసేవాడూను. సాపరును శాంతిదూతగా చేస్తున్నావు" అన్నాడు. న్యాయమైన మాట. దానికి జవాబు నా దగ్గర లేదు, పట్టాళం తాత దగ్గర ఉంది.

1942 వేసవిలో రోమెల్ తోసుకొస్తుంటే బ్రిటిషు సైన్యం, దానితో మనవాళ్ళు, లిబియా నుంచి ఈజిప్టులోకి వెనక్కి పరుగెత్తారు. ఒక రాత్రి తాత జట్టు చేత దారి పక్క మైన్లు వేయించారు. లారీలు వెళ్ళిపోతున్నాయి. టైము లేదు. ఆ రాత్రి ఎవరూ కాగితం రాయలేదు. తెల్లారేసరికి గాలి ఇసకను చదును చేసేసింది. "ఎన్నేసినామో నాకెరిక. ఏడేసినామో ఆ సీకటికే ఎరిక. తీసినయ్యి నూరుంటే ఏటి బాబూ, ఆ రేత్తిరియ్యి అక్కడే ఉండిపోనాయి గదా" అన్నాడు. నాకు చెప్పలేదాయన. మా నాన్నకు చెప్తుంటే తలుపు పక్కనుంచి విన్నాను. పదమూడేళ్ళవాడికి అది దయ్యాల కథలా అనిపించింది.

దయ్యాల కథ కాదు. ఈజిప్టు పడమటి ఎడారిలో ఆ యుద్ధం నాటి మందుపాతరలు, పేలని గుళ్ళు యుద్ధం ముగిసి ఎనభై యేళ్ళు దాటినా లక్షల సంఖ్యలో మిగిలి ఉన్నాయి. గొర్రెలు కాసుకునే బెదూయిన్ల పిల్లలు, యుద్ధం ఎవరికీ ఎవరికీ జరిగిందో తెలియనివాళ్ళు, వాటి మీద కాళ్ళు పోగొట్టుకున్నారు. లావోస్ సంగతి ఇంకా ఘోరం. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించింది. గుత్తిగా పడి చెదిరే చిన్న బాంబుల్లో కోట్ల కొద్దీ పేలకుండా వరిమళ్ళలో మిగిలిపోయాయి. నాగలి కర్రుకు తగిలినప్పుడు పేలుతున్నాయి. యుద్ధం సంతకంతో ముగుస్తుందని పాఠ్యపుస్తకంలో మేమే పిల్లలకు చెప్తున్నాం.

ఇందువల్లనే ఈ పనిలో నమోదుకు ప్రాధాన్యం పెరుగుతూ వచ్చింది. 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఆయుధ ఒప్పందం, 1996లో దానికి చేసిన సవరణ, మైన్‌ఫీల్డుకు పటం ఉండి తీరాలని శాసించాయి. మనిషి మీద వేసే మైనులో కనీసం 8 గ్రాముల ఇనుమంత సంకేతం ఉండాలని కూడా ఆ సవరణలో ఉంది. ఆనాటి చెక్కపెట్టెల పాఠం అది, డిటెక్టరు చెవికి వినబడాలి గనక. 1997 నాటి ఒట్టావా ఒప్పందం మనిషి మీద వేసే మైన్లను పూర్తిగా నిషేధించింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. అమెరికా, రష్యా, చైనా కూడా పెట్టలేదు. పెట్టనివాళ్ళ జాబితా చూస్తే ఏ వర్గాల చేతిలో ప్రపంచ భద్రత ఉందో తెలుస్తుంది.

1998లో జెనీవాలో మందుపాతరల తొలగింపుకు ఒక అంతర్జాతీయ కేంద్రం వెలిసింది. ఏ దేశంలోనైనా దొరికిన ప్రతి మైను, జరిగిన ప్రతి పేలుడు, శుభ్రం చేసిన ప్రతి చెక్క ఒకే రకం పట్టీలో ఎక్కేలా కంప్యూటరు పద్ధతి తయారుచేసింది. ఇరాకులో, ఆఫ్ఘనిస్తానులో అమెరికా సైనిక ఇంజనీర్లు కూడా తమ కోసం ఇలాంటి కూటములు పెట్టుకున్నారు. ఏ రోడ్డు మీద, ఏ వేళకు, ఏ రకం బాంబు పెట్టారో పటంలోకి ఎక్కిస్తే, రేపు ఎక్కడ పెడతారో కొంత అంచనా దొరుకుతుంది. దాడి చేసి దేశాన్ని ఆక్రమించినవాడే పటం గీసుకుని తనవాళ్ళను కాపాడుకుంటున్నాడన్న సంగతి మరిచిపోను. కాని పద్ధతిలో నేర్చుకోవలసింది ఉంది. ఇందులో మొదటి మెట్టు యంత్రం కాదు, అడగడం. ఊళ్ళోకి వెళ్ళి కూర్చుని అడుగుతారు: మీ పశువు ఎక్కడ పోయింది? కట్టెలకు ఏ వైపు వెళ్ళడం మానేశారు? ఏ చేను దున్నడం లేదు? ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పశువులు కాసే పిల్లలు చెప్పినదాన్నిబట్టి పటం మీద అనుమానపు నేల గీస్తారు. ఆ తర్వాతే డిటెక్టరు. ఆఫ్ఘనిస్తానులో శుభ్రం చేసిన వైపు తెల్లరంగు, చేయని వైపు ఎర్రరంగు వేసిన రాళ్ళు వరసగా పెట్టేవారని చదివినప్పుడు, మా ఊరి గట్టు దారి గుర్తుకొచ్చి పుస్తకం మూశాను.

స్వతంత్ర భారతంలో మద్రాస్ సాపర్ల పని మారలేదు. 1971 డిసెంబరు 15, 16 తేదీల మధ్య రాత్రి షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర 9వ ఇంజనీరు రెజిమెంటు పాకిస్తాను మైన్‌ఫీల్డులో దారి తీస్తోంది. పని పూర్తి కాకముందే పూనా హార్స్ ట్యాంకులు ఆ దారిన ముందుకు పోవలసి వచ్చింది. ఆ యుద్ధంలో అరుణ్ ఖేత్రపాల్ పేరు దేశమంతా తెలుసు. తెలియవలసిందే. అక్కడే దారి తీయిస్తూ ప్రాణం విడిచిన మేజరు విజయ్ రతన్ చౌదరికి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ పేరు తెలిసినవాళ్ళు ఎందరు? ఆయన కింద కర్ర పట్టుకుని నడిచినవాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు ఎందరు?

మన ప్రాంతం సంగతి కూడా దాటవెయ్యను. సాలూరు ఘాటీ ఎక్కి కొరాపుట్టు పోయే దారిలో సుంకి దగ్గర 2017 ఫిబ్రవరి 1న మందుపాతర పేలి ఒడిశా పోలీసు సిబ్బంది చనిపోయారు. పోరాటాల న్యాయం గురించి నాకున్న అభిప్రాయాలు ఈ పత్రిక పాఠకులకు తెలుసు. 1967లో లేవిడి దగ్గర కాల్పుల్లో నేలకొరిగిన ఇద్దరు గిరిజనుల తరఫున నేను ఎప్పుడూ రాస్తూనే ఉన్నాను. అయినా ఒక్కమాట. పాతిపెట్టిన మందుకు రాజకీయం తెలియదు. సంతకు కావిడి మోసుకుపోయే సవర మనిషికీ, జీపుకూ తేడా దానికి తెలియాలంటే పాతినవాడు అక్కడే కాపలా కూర్చోవాలి. ఎవరూ ఎల్లకాలం కూర్చోరు. మన ఏజెన్సీ దారుల్లో ఎవరు ఎక్కడ ఏం పాతారో పటం ఉండదు. మా వాళ్ళు ఈ వాక్యానికి నా మీద కోప్పడతారని తెలుసు.

విశాఖ బాంబును తీసిందెవరో ఇంతవరకు నాకు తెలియలేదు. ఆ పిల్ల పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరింది. మొన్న కనబడి, "దొరికిందాండీ?" అని అడిగింది. లేదన్నాను.

పట్టాళం తాత 1997లో పోయాడు. ఆయన మనవడు గరివిడిలో పనిచేస్తున్నాడు. వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే అటక మీంచి రేకుపెట్టె దించాడు. పటాలం నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన పుస్తకం అందులో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఇంటి కప్పు లేచిపోయి పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయట. మొదటి పేజీ చదవగలిగాను. పేరు, ఊరు, తాలూకా, జిల్లా విశాఖపట్నం. చేరకముందు వృత్తి అన్న చోట కూలి అని ఉంది. పనిచేసిన దేశాలు, చేసిన పనులు రాసే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా గట్టిపడ్డాయి. గోటితో ఒక మూల లేపి చూశాను. సిరా కూడా ఊడి వస్తోంది. మూసేసి మనవడి చేతికిచ్చాను. రాష్ట్ర ఆర్కైవ్స్‌లో తడిసిన కాగితాలు విడదీసేవాళ్ళు ఉంటారని చెప్పాను. అతను సెలవు పెట్టుకుని వస్తానన్నాడు.